ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పరు: ఫిలిప్పీన్స్ గే డ్రామాల్లో మూడు తరాల రహస్యం ఎందుకు ఉంటుంది?

మొన్న ఒక ఫ్రెండ్ అడిగాడు. ఫిలిప్పీన్స్ లో గే అయితే నేరం కాదు కదా, వాళ్ళ టీవీ కామెడీ షోల్లో, బ్యూటీ పార్లర్లలో, ఊరి పండగల్లో అందాల పోటీల్లో ఎక్కడ చూసినా వాళ్ళే కనిపిస్తారు కదా, మరి ఆ దేశం నుంచి వచ్చే గే లవ్ స్టోరీ ఏది చూసినా అందులో ఒక పాత పెట్టె, పెట్టెలో ఒక పాత ఉత్తరం, ఏడుస్తూ నిలబడిన అమ్మ, మాట్లాడని నాన్న, ఎప్పుడో పోయిన తాత ఫోటో, ఇవన్నీ ఎందుకుంటాయి, హాయిగా ఇద్దరు కుర్రాళ్ళు ప్రేమించుకుంటే సరిపోదా అని.

మంచి ప్రశ్నే. నేను కూడా మొదట్లో ఇవన్నీ మన సీరియల్స్ లాగే ఎపిసోడ్లు సాగదీసే టెక్నిక్ అనుకున్నా. కొంత అదే అనుకోండి. కానీ తర్వాత అక్కడి పెళ్లి చట్టం కాస్త చదివితే అప్పుడు వెలిగింది, ఈ రహస్యాలు స్క్రిప్ట్ రైటర్ తెచ్చి పెట్టినవి కాదు, ఆ చట్టమే ఇంటింటికీ సప్లై చేస్తున్న సరుకు అని. రైటర్ చేసేది దానికి బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ పెట్టడమే.

ముందు లెక్కలు రెండు చూద్దాం, ఎందుకంటే ఇక్కడే మనం పొరబడతాం. ప్యూ రీసెర్చ్ అనే అమెరికా సర్వే సంస్థ వాళ్ళు 2013 లో అడిగినప్పుడు ఫిలిప్పీన్స్ లో 73 శాతం మంది స్వలింగ సంపర్కాన్ని సమాజం అంగీకరించాలి అన్నారు, 2019 లో మళ్ళీ అడిగినా అదే 73. ఆసియాలో ఇది బాగా ఎక్కువ. అదే జనాన్ని అక్కడి సోషల్ వెదర్ స్టేషన్స్ అనే సర్వే సంస్థ 2018 లో ఇంకోలా అడిగింది, ఇద్దరు మగవాళ్ళు లేదా ఇద్దరు ఆడవాళ్ళు కలిసి బతకడానికి చట్టపరంగా సివిల్ యూనియన్ ఇవ్వొచ్చా అని. 61 శాతం వద్దన్నారు, సరే అన్నది 22 శాతమే. అంటే వీధిలో ఓకే, రిజిస్టర్ ఆఫీసులో వద్దు. వాళ్ళ భాషలో ఒప్పుకోవడాన్ని తాంగాప్ అంటారు, దాని వెనకే బస్తా అని ఒక మాట వస్తుంది. మన బస్తా కాదు లెండి, స్పానిష్ నుంచి వచ్చిన మాట, "అయితే ఒక షరతు" అన్నట్టు వాడతారు. నీ కొడుకు అలాంటివాడైనా పర్లేదు, బస్తా మర్యాదగా ఉండాలి. బస్తా డబ్బు పంపాలి. బస్తా తాతగారి పేరు పోకూడదు. నాకైతే ఆ మాట మన బస్తా లాగే అనిపిస్తుంది, మోసేది ఆ పిల్లోడే.

ఇంకో ముడి కూడా ఇక్కడే ఉంది. బక్లా అనే మాటని మనం గే అని అనువదించేసి ఊరుకుంటాం, కానీ రెండూ ఒకటి కాదు. బక్లా అంటే నడకలో, మాటలో, బట్టల్లో ఆడతనం కనిపించే మనిషి, వీధిలో అందరికీ తెలిసినవాడు, నవ్వించేవాడు, జుట్టు కత్తిరించేవాడు. అతని దగ్గర దాచడానికి ఏమీ మిగల్లేదు. దాచేవాళ్ళకి వేరే పేర్లున్నాయి. పెళ్ళాం పిల్లలు ఉండి మగాళ్ళతో కూడా సంబంధం పెట్టుకునేవాణ్ణి సిలాహిస్ అంటారు, అసలు అర్థం సూర్యకిరణం. గట్టి మగాడిలా తిరుగుతూ లోపల వేరేగా ఉండేవాణ్ణి పమింతా అంటారు, అంటే మిరియం. టీవీ కామెడీలో నవ్వించేది బక్లా, రాత్రి ఎనిమిది దాటాక డ్రామాలో ఏడిపించేది సిలాహిస్సూ పమింతాలూ. సమాజం ఒప్పుకున్నది మొదటివాడిని, అది కూడా షరతులతో, రెండో రకం మనిషి ఏ లెక్కలోనూ లేడు. ఎందుకంటే అతను ఆర్మీ జనరల్ గారి అబ్బాయి, బ్యాంక్ మేనేజర్ గారి అల్లుడు, ఇద్దరు పిల్లల తండ్రి.

జనరల్ గారి అబ్బాయి అని ఊరికే అనలేదు. 2013 జూన్ 10 న జీఎంఏ ఛానల్లో మై హస్బెండ్స్ లవర్ అనే సీరియల్ మొదలైంది, అదే ఏడాది అక్టోబర్ 18 దాకా నడిచింది, సుజెట్ డాక్టొలెరో క్రియేటర్, డొమినిక్ జపాటా డైరెక్టర్. అక్కడి ప్రైమ్ టైమ్ లో గే కథని నడిమధ్యలో పెట్టిన మొదటి సీరియల్ అని దీన్నే చెప్తారు. విన్సెంట్, ఎరిక్ ఒకప్పటి ప్రేమికులు. విన్సెంట్ తండ్రి సైన్యంలో జనరల్, ఆయన ముందు కొడుకు నోరెత్తలేడు. విన్సెంట్ వల్ల లాలీ అనే అమ్మాయి గర్భవతి అవుతుంది, పెళ్లి అవుతుంది, పిల్లలు పుడతారు, సంసారం నడుస్తుంది, కొన్నేళ్ళకి ఎరిక్ తిరిగొస్తాడు. అంతే కథ. చెప్పుకుంటే ఒక లైను.

నాకు అందులో అన్నిటికంటే పట్టేసింది పేరు. నా భర్త ప్రేమికుడు అంటోంది కదా, ఆ "నా" ఎవరు? లాలీ. ఇద్దరు మగాళ్ళ ప్రేమకథకి పేరు మాత్రం పెళ్ళాం నోటి నుంచి వచ్చింది. ప్రేక్షకుల్లో ఆడవాళ్ళు ఎక్కువ కాబట్టి అలా పెట్టారు అనొచ్చు, అది కూడా నిజమే అయ్యుంటుంది, కానీ చట్టం కూడా ఈ కథని ఆ భార్య కుర్చీలో కూర్చునే చూస్తుంది, అక్కడికి తర్వాత వస్తా.

ఇది 2013 లో పుట్టుకొచ్చిన సంగతి కూడా కాదు. అక్కడి డైరెక్టర్ లినో బ్రోకా 1970ల మొదట్లోనే తుబోగ్ సా గింతో అనే సినిమా తీశాడు, మార్స్ రవేలో కామిక్స్ కథ, ఎడ్డీ గార్సియా అందులో డబ్బున్న వ్యాపారి, భార్య, కొడుకు, పెద్ద ఇల్లు, లోపల ఈ రహస్యం, దాన్ని పట్టుకుని బ్లాక్‌మెయిల్ చేసే కుర్రాడు. టైటిల్ కి అర్థం బంగారంలో ముంచింది అని, మన మాటలో చెప్పాలంటే రోల్డ్ గోల్డ్. ఒక్క మాటలో కుటుంబం మొత్తాన్ని చెప్పేశాడు. అదే బ్రోకా 1978 లో ఆంగ్ తాతాయ్ కాంగ్ నానాయ్ తీశాడు, అంటే మా నాన్నే మా అమ్మ లాంటి అర్థం, డాల్ఫీ అనే పెద్ద కమెడియన్ అందులో పార్లర్ నడిపే బక్లా. పాత ప్రియుడు ఒక పసివాణ్ణి తెచ్చి ఇతని చేతిలో పెట్టి అమెరికా నేవీలో చేరి వెళ్ళిపోతాడు. అది కూడా గాల్లోంచి వచ్చిన ప్లాట్ కాదు, 1947 సైనిక స్థావరాల ఒప్పందం ప్రకారం అమెరికా నేవీ నేరుగా ఫిలిప్పీన్స్ కుర్రాళ్ళని తీసుకునేది, 1992 దాకా తీసుకుంది. మగాడు ఓడెక్కి వెళ్ళిపోవడం, వెనక ఇంట్లో ఎవరో ఎవరి పిల్లాణ్ణో పెంచడం వాళ్ళకి ప్రతి వీధిలో ఉండే కథే. డాల్ఫీ ఆ పిల్లాడి కోసం మగాడిలా నటించే సీన్లకి జనం నవ్వుకునే ఉంటారు, నాకు మాత్రం గొంతు పట్టేసింది.

ఇప్పుడు అసలు ముడి విప్పడానికి ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. ఇది ఏ సినిమా కథా కాదు, లెక్క కోసం నేను అల్లుకున్నదే. ఇలోయిలో ఊళ్ళో ఒక తాత, లోలో అంటారు. ఓడ మీద పనిచేసేవాడు, 1972 లో పెళ్లి. ఆయనకి ఒక స్నేహితుడు ఉన్నాడు, అలాంటిలాంటి స్నేహితుడు కాదు. కొడుకు పుట్టగానే ఆ స్నేహితుణ్ణే నినోంగ్ చేశారు, అంటే చర్చిలో బాప్తిస్మం అప్పుడు నిలబడే గాడ్ ఫాదర్. దాంతో ఆయనకి ఇంట్లోకి అధికారిక ఎంట్రీ దొరికింది, క్రిస్మస్ కి వస్తాడు, పుట్టినరోజుకి వస్తాడు, ఎవరూ ఏమీ అనరు. 1980 లో నాయనమ్మకి, అంటే లోలా కి, తెలిసిపోయింది. ఆవిడ ఏమీ అనలేదు. కొడుకు పెద్దయ్యాడు, ఏదో చూశాడు, మనసులో పెట్టుకుని కఠినమైన తండ్రి అయ్యాడు, ఆయనకీ బయట ఒక సంబంధం, అందులో ఒక కూతురు. మనవడు 2024 లో ఒక అబ్బాయిని ప్రేమించాడు. తాత పోయాడు, పెట్టె తెరిచారు.

ఇక్కడ మనకి వచ్చే మొదటి డౌటు, లోలా ఎందుకు ఊరుకుంది, వదిలేసి పోవచ్చు కదా అని. కుదరదు. ఫిలిప్పీన్స్ లో విడాకులు లేవు. ప్రపంచంలో వాటికన్ తర్వాత ఈ మాట చెప్పుకోవాల్సిన దేశం ఇదే. ముస్లింలకి 1977 నాటి వ్యక్తిగత చట్టం కింద ఉన్నాయి, మిగతావాళ్ళకి లేవు, 2020 జనాభా లెక్కల్లో కాథలిక్కులే 78.8 శాతం. తమాషా ఏంటంటే ఒకప్పుడు ఉండేవి. అమెరికా వాళ్ళ పాలనలో 1917 లో ఒక చట్టం వచ్చింది, జపాన్ ఆక్రమణ టైమ్ లో ఇంకాస్త సులువయ్యాయి, స్వతంత్రం వచ్చాక 1950 లో అమల్లోకొచ్చిన సివిల్ కోడ్ ఆ తలుపు మూసేసింది. తాతల తాతలకి ఉన్న దారి మనవళ్ళకి లేదన్నమాట.

మరి 1972 లో పెళ్లైన లోలాకి ఏం ఉంది? విడిగా ఉండటానికి కోర్టు అనుమతి, లీగల్ సెపరేషన్ అంటారు, అందులో మళ్ళీ పెళ్లి చేసుకునే హక్కు రాదు. ఆ అనుమతికి కూడా అప్పటి కోడ్ లో కారణాలు లెక్కపెట్టినట్టే ఉన్నాయి, భార్య వ్యభిచారం, భర్త ఉంపుడుగత్తెని పెట్టుకోవడం, లేదంటే ప్రాణం తీయబోవడం. భర్త తప్పు కింద రాసిన నేరం ఏదైతే ఉందో దానికి శిక్షాస్మృతిలో నిర్వచనం చూస్తే అవతలి మనిషి "భార్య కాని స్త్రీ" అయ్యుండాలి. లోలో స్నేహితుడు స్త్రీ కాదు కదా. అంటే లోలా బాధకి చట్టంలో పేరే లేదు. నినోంగ్ గారు హాల్లో కూర్చుని కాఫీ తాగుతుంటే ఆవిడ వంటింట్లో నిలబడి ఏ సెక్షన్ కిందికీ రాని బాధ పడుతోంది. నేరం కాదు అన్నదాన్ని మనం స్వేచ్ఛ అనుకుంటాం, ఇక్కడ అది కంటికి కనపడకపోవడం మాత్రమే.

తర్వాత 1987 లో అప్పటి ప్రెసిడెంట్ కొరజోన్ అక్వినో ఫ్యామిలీ కోడ్ అనే కొత్త కుటుంబ చట్టం మీద సంతకం పెట్టింది, 1988 ఆగస్టు 3 నుంచి అమలు. ఇప్పుడు చట్టానికి కళ్ళొచ్చాయి, కానీ ఎలా వచ్చాయో చూడండి. 55వ ఆర్టికల్ లో లీగల్ సెపరేషన్ కి కారణాల లిస్టులో స్వలింగ సంపర్కం చేర్చారు. 46వ ఆర్టికల్ లో పెళ్లి నాటికే ఉన్న స్వలింగ సంపర్కాన్ని దాచిపెడితే అది మోసం, ఆ పెళ్లిని రద్దు చేయించుకోవచ్చు అన్నారు, పక్కనే అదే వాక్యంలో డ్రగ్స్ అలవాటు, తాగుడు కూడా ఉన్నాయి. ఎవరితో కలిపి కూర్చోబెట్టారో గమనించండి. అంటే పెళ్లి రద్దు దగ్గర చట్టం తప్పు పట్టేది ప్రేమని కాదు, దాచడాన్ని అంటున్నారు, బానే ఉంది అనిపిస్తుంది. 2008 లో సుప్రీం కోర్టు ఒక డాక్టర్ దంపతుల కేసులో ఇదే తేల్చింది, భర్త అలాంటివాడని కింది కోర్టు నమ్మి పెళ్లి రద్దు చేస్తే సుప్రీం కోర్టు కొట్టేసింది, అతను పెళ్లి నాటికి అలా ఉన్నాడని, కావాలని దాచాడని రుజువు కావాలి, ఊరికే అలా ఉండటం పెళ్లి రద్దుకి కారణం కాదు అంది.

కానీ ఇక్కడే ఒక చిన్న షరతు ఉంది, నా దృష్టిలో ఈ డ్రామాలన్నిటికీ గుండెకాయ అదే. మోసం తెలిసిన తర్వాత కూడా భార్య ఇష్టపూర్వకంగా భర్తతో కాపురం కొనసాగిస్తే ఆ కారణం ఇక చెల్లదు. తెలిసిన రోజు నుంచి ఐదేళ్ళలో కేసు వేయాలి. లీగల్ సెపరేషన్ లో కూడా క్షమించేసినట్టు తేలితే కేసు పోతుంది. ఇప్పుడు మన ఊహాకథలో కోడల్నో మనవరాల్నో లోలా స్థానంలో పెట్టుకోండి. భర్త సంగతి తెలిసింది, పిల్లలు చిన్నవాళ్ళు, అత్తగారు ఊరుకో అంటుంది, చర్చిలో ఫాదర్ ప్రార్థన చెయ్యి అంటాడు, సొంత తల్లి పరువు అంటుంది, ఆవిడ సరే అని ఊరుకుంటుంది. ఊరుకున్న ప్రతి రోజూ బయటికి వెళ్ళే తలుపు ఇంకొంచెం మూసుకుంటోంది. కుటుంబం కోసం దాచిపెట్టిన పుణ్యానికి ఆవిడే లోపల ఉండిపోయింది. అందుకే ఈ సీరియల్స్ లో భార్య అతి పెద్ద డైలాగ్ నాకెందుకు చెప్పలేదు అని ఉండదు, నీకు ఎప్పటి నుంచి తెలుసు అని అత్తగారినో తల్లినో అడగడం ఉంటుంది. ఎప్పటి నుంచి అన్నదే అసలు ప్రశ్న. నేను లాయర్ని కాను, కానీ ఈ ఒక్క రూల్ తెలిస్తే ఆ సీన్లు వేరేగా కనిపిస్తాయి.

మనకి ఇదేదో వింతగా అనిపిస్తే ఒక్కసారి మన హిందూ వివాహ చట్టం, 1955 ది, సెక్షన్ 12 చూడండి. మోసంతో ఒప్పించిన పెళ్లిని రద్దు చేయించుకోవాలంటే మోసం బయటపడ్డ ఏడాదిలోపు కోర్టుకి వెళ్ళాలి, తెలిశాక ఇష్టపడి కాపురం చేస్తే కుదరదు. వాళ్ళకి ఐదేళ్ళు, మనకి ఒక్క ఏడాదే. తేడా ఏంటంటే మనకి ఆ తలుపు మూసుకున్నా విడాకులు అనే ఇంకో తలుపు ఉంది, 1976 నుంచి పరస్పర అంగీకారంతో కూడా ఉంది. అందుకే మన సీరియల్ లో భర్త రహస్యం బయటపడితే రెండో వారానికి లాయర్ నోటీసు వస్తుంది, వాళ్ళ సీరియల్ లో వంద ఎపిసోడ్లకి కూడా ఆ ముగ్గురూ అదే ఇంట్లో మొహాలు చూసుకుంటూ తిరుగుతుంటారు. సాగదీత అని తిట్టుకున్నాను కానీ వాళ్ళకి పోవడానికి చోటే లేదు మరి.

సైకలాజికల్ ఇన్‌కెపాసిటీ అని 36వ ఆర్టికల్ ఒకటి ఉంది, ఎక్కువ మంది దాన్నే పట్టుకుంటారు, భర్తకో భార్యకో పెళ్లి బాధ్యతలు మోసే మానసిక సామర్థ్యం మొదట్నుంచే లేదని నిరూపించాలి. 2021 లో సుప్రీం కోర్టు దీనికి డాక్టరు సర్టిఫికెట్ లాంటి వైద్య రుజువు తప్పనిసరి కాదని కాస్త సడలించింది. డబ్బూ ఓపికా ఉన్నవాళ్ళ దారి అది. 2024 మే లో విడాకుల బిల్లు దిగువ సభలో 131 కి 109 ఓట్లతో పాసైంది, సెనేట్ లో ఆగిపోయింది.

ఇక రెండో తరం, ఆ కఠినమైన తండ్రి. ఇతని గురించి రైటర్లు సరిగ్గా రాయరని నా కంప్లైంట్. ఎప్పుడూ బెల్టు పట్టుకుని అరిచే విలన్ లాగే ఉంటాడు. కానీ ఆలోచిస్తే రహస్యం ఎక్కువ మోసింది ఇతనే. తండ్రిని చూశాడు, తల్లి నోరు మూసుకోవడం చూశాడు, పది పన్నెండేళ్ళ వయసులో ఆ ఇంట్లో ఏది అడక్కూడదో నేర్చుకున్నాడు. వాళ్ళకి హియా అనే మాట ఉంది, సిగ్గు అని రాసేస్తారు కానీ మన పరువు, మొహమాటం, నలుగురిలో తల దించుకోవడం, ఈ మూడూ కలిపితే కొంచెం దగ్గరగా వస్తుంది. ఇంకోటి ఉతాంగ్ నా లోఓబ్, లోపలి అప్పు అని అర్థం, ఎప్పటికీ తీరని రుణం. తల్లిదండ్రులు కన్నారు, పెంచారు, తాత ఓడ మీద కష్టపడి పంపిన డబ్బుతోనే చదివావు, ఆ అప్పు ఎలా తీరుస్తావ్? మన దగ్గర కూడా కన్నవాళ్ళ రుణం అంటాం కదా, అదే, కానీ అక్కడ దానికి నెల నెలా రసీదు వస్తుంది. విదేశాల నుంచి బ్యాంకుల ద్వారా ఇంటికి వచ్చే డబ్బు 2023 లో 33 బిలియన్ డాలర్లు దాటింది. ఇంట్లో మొదటి బిడ్డని పంగనాయ్ అంటారు, ఆ మాట వినపడగానే వాళ్ళ మొహంలో ఒక అలసట కనిపిస్తుందని మా పిన్ని కొడుకు చెప్పాడు, వాడు దావావ్ లో మెడిసిన్ చదివాడు, మన తెలుగు పిల్లలు అక్కడ బోలెడు మంది ఉంటారు కదా. వాడి బ్యాచ్‌మేట్ ఒకడు అందరికీ తెలిసిన గే, ఇంట్లో కూడా తెలుసు, కానీ చెల్లెళ్ళ చదువులు అయ్యేదాకా ఆ విషయం "తెలియదు". వాడు అలా చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది, తర్వాత రాలేదు.

అప్పుడు ఆ తండ్రి కోపం కొడుకు గే అయినందుకా? పూర్తిగా కాదు. తన తండ్రి చేసినట్టు దాచకుండా బయట పెడుతున్నందుకు. నేను ఇంతకాలం మోసింది దేనికి మరి అన్నది ఆయన కోపం. ఈ ముక్క స్క్రీన్ మీద సరిగ్గా చూపించిన కథ అరుదు.

మూడోది ఆస్తి. గే డ్రామాలో ఆస్తి ఏంటి అనుకోకండి, పెట్టె తెరిచాక మొదట వచ్చే గొడవ అదే. తండ్రికి బయట ఒక కూతురు ఉందన్నాం కదా, అలాంటి బిడ్డని అనాక్ సా లబాస్ అంటారు, బయటి బిడ్డ అని. ఆ సంబంధంలో ఉన్న ఆవిడని కబిట్ అంటారు. వాళ్ళ చట్టంలో వీలునామా ఉన్నా లేకపోయినా పిల్లలకి తప్పకుండా దక్కే వాటా ఒకటి ఉంటుంది, పెళ్లి బయట పుట్టిన బిడ్డకి అందులో పెళ్లిలో పుట్టిన బిడ్డ వాటాలో సగం. ఇంకా ఘోరం, సివిల్ కోడ్ 992వ ఆర్టికల్, దానికి ఐరన్ కర్టెన్ రూల్ అని పేరు, ఇనప తెర అన్నమాట. వీలునామా లేకపోతే బయటి బిడ్డ తండ్రి తరఫు సక్రమ బంధువుల ఆస్తికి వారసుడు కాలేడు, వాళ్ళూ ఇతనికి కారు, రెండు వైపులా ఒకరినొకరు ద్వేషించుకుంటారు అనే ఊహ మీద ఆ రూల్ నిలబడింది. నిజంగా కోర్టు తీర్పుల్లోనే అలా రాసుకున్నారు. 2021 డిసెంబర్ లో సుప్రీం కోర్టు దీన్ని మార్చింది, తండ్రి చనిపోయి ఉంటే ఆ బిడ్డ తండ్రి స్థానంలో నిలబడి తాత నాయనమ్మల ఆస్తిలో వాటా అడగొచ్చు, తల్లిదండ్రుల పెళ్లి జరిగిందా లేదా అన్నది అడ్డం కాదు అంది.

దీనికీ ప్రేమకథకీ లింక్ ఎక్కడంటే, ఆ ఇంట్లో "బయట" అనే వరసలో ఇప్పటికే జనం ఉన్నారు. కబిట్ బయట, ఆమె కూతురు బయట, తాత స్నేహితుడు బయట, ఇప్పుడు మనవడి ప్రియుడు బయట. కుటుంబానికి ఈ నలుగురినీ ఎలా హ్యాండిల్ చేయాలో బాగా వచ్చు, పండగకి పిలుస్తారు, భోజనం పెడతారు, కుటుంబ ఫోటో తీసేటప్పుడు కెమెరా వాళ్ళ చేతికిస్తారు. చట్టం వీళ్ళలో ఒక్క కూతురికి మాత్రం సగం వాటా, ఈ మధ్య ఒక కొత్త తలుపు ఇచ్చింది. నినోంగ్ గా ముప్పై నలభై ఏళ్ళు ఆ ఇంటికి వచ్చిన పెద్దాయనకి, ఓడ మీద ఉన్న తాతకి ఉత్తరాలు రాసిన ఆయనకి, వీలునామాలో పేరు లేకపోతే భాగస్వామిగా దక్కేది ఏమీ లేదు, ఆ ఉత్తరాలు కూడా పెట్టెలోవే కాబట్టి వారసులవే. మంచి రైటర్ చేతిలో పడితే నాకు ఈ ఒక్క సీన్ చాలు, ఆయన వచ్చి నావి నాకిస్తారా అని అడగడం, ఇంట్లో వాళ్ళు ఏవి అని అడగడం.

పెళ్లి అంటే ఆడ మగ మధ్యే అన్న రూల్ మార్చమని వేసిన పిటిషన్ ని 2019 సెప్టెంబర్ లో సుప్రీం కోర్టు కొట్టేసింది, పిటిషన్ సరిగ్గా వేయలేదు, చట్టసభ చూసుకోవాల్సిన విషయం అన్నట్టుగా. మన సుప్రీం కోర్టు 2023 అక్టోబర్ 17 న చెప్పింది కూడా దాదాపు అదే దారి. గే లాంటివాళ్ళ మీద వివక్షని ఆపే బిల్లు వాళ్ళ దగ్గర 2000 నుంచి తిరుగుతోంది, 2017 లో దిగువ సభలో ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా పాసై సెనేట్ లో పడుకుంది. సెనేట్ అంటేనే వాళ్ళ స్క్రిప్ట్ రైటర్లకి అన్నం పెట్టే తల్లి అని నేను జోక్ చేస్తుంటా.

2020 లాక్‌డౌన్ తర్వాత మాత్రం కొంచెం గాలి మారింది. ఆ ఏడాది మే లో యూట్యూబ్ లో గేమ్‌బాయ్స్ వచ్చింది, ఇద్దరు కుర్రాళ్ళు వీడియో కాల్ లోనే ప్రేమించుకుంటారు, 2021 లో ఇంటర్నేషనల్ ఎమ్మీ నామినేషన్ దాకా వెళ్ళింది. దాని వెనక బీఎల్, అంటే బాయ్స్ లవ్, సిరీస్ లు వరదలా వచ్చాయి. వీటిలో భార్య లేదు, జనరల్ లేడు, హీరోలు ఇరవైల్లో ఉన్నారు. నాకు ఇవి ఇష్టమే కానీ పాత డ్రామాలో ఉన్న బరువు చాలా వాటిలో లేదు, కొన్నిటిలో తల్లిదండ్రులే కనిపించరు, అద్దె గదిలో ఎవరి కథ వాళ్ళదే. కుటుంబాన్ని తీసేస్తే రహస్యం కూడా పోతుంది అనుకున్నారేమో. అందుకే ఇప్పుడు మళ్ళీ తాత నాయనమ్మలు ఉన్న కథ వస్తోందంటే నేను ఆసక్తిగా కూర్చుంటా. తాత ప్రియుడి మనవడే హీరో ప్రియుడు అని తేలడం లాంటి కాకతాళీయాలు భరించాల్సి వస్తుంది, ఆ మాత్రం మనకి అలవాటేగా, ఒకేలాంటి పుట్టుమచ్చలు చూస్తూ పెరిగినవాళ్ళం.

ఒక్క సంగతి గమనించమని చెప్తా, ఇలాంటి కథ ఏది చూసినా. ఐ లవ్ యూ, ఐ యాక్సెప్ట్ యూ అని నాన్న కౌగిలించుకునే సీన్ కోసం చూడకండి, అది ట్రైలర్ కోసం తీసింది. నాయనమ్మని చూడండి. ఇంట్లో అరుపులు అయ్యాక, తండ్రి తలుపు ధడేలున వేసుకుని వెళ్ళిపోయాక, ఆవిడ వంటింట్లోంచి వచ్చి ఆ బయటి కుర్రాణ్ణి కుమాయిన్ కా నా అని అడుగుతుంది. అన్నం తిన్నావా అని. అక్కడ ఇది పలకరింపు, ఎవరినైనా అడుగుతారు, మనలాగే. ఆవిడ నలభై ఏళ్ళ కింద నినోంగ్ ని కూడా ఇదే మాట అడిగి ఉంటుంది, అప్పుడు కాఫీ కప్పు ఇచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయి ఉంటుంది. ఇప్పుడు తనూ ఒక కంచం పెట్టుకుని ఆ కుర్రాడి ఎదురుగా కూర్చుంటుందా లేదా అన్నది చూడండి.